వ్యంగ్యము నడచు దారి

వ్యంగ్యమను మాటకు నేటి వాడుకలో నున్న అర్థమొకటి, అలంకారశాస్త్రమున నున్న అర్థము మరియొకటి. ఎవరైనను ఎత్తిపొడిచి మాటాడినచో ‘వ్యంగ్యముగా అన్నాడు’ అని చెప్పుకొందుము. శాస్త్రకారులకు వ్యంగ్యమనగా ఎత్తిపొడుపు కాదు. మాట పైకి చెప్పునది వాచ్యము. ఆ మాట వెనుక నిలిచి, వినువాని బుద్ధికి మాత్రమే తోచునది వ్యంగ్యము. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీర దేశీయుడగు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోక’మున దీనిని విస్తరించి చర్చించెను. ఈ రెండర్థములకును పొత్తు లేదనుకొనరాదు. దోషమును నవ్వులో పెట్టి చూపు రచన ఎట్లు పనిచేయునో, రచయితలు నేరుగా చెప్పుట మాని ఆ దారిని ఏల త్రొక్కుదురో తెలిసికొనగోరు వారు ఆ పాత అర్థమునుండియే మొదలు పెట్టవలెను.

ఆనందవర్ధనుడు చూపిన ఉదాహరణములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన గోదావరి తీరమునకు సంబంధించినది. హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలోని ప్రాకృత గాథ యది. నది ఒడ్డున పొదరింట ప్రియుని కలిసికొను ఒక స్త్రీకి, అచ్చట తిరుగుటకు వచ్చు ఒక ధార్మికుడు అడ్డమగుచున్నాడు. ఆమె అతనిని రావద్దనదు. ఇక నిర్భయముగా తిరుగవచ్చునని చెప్పును. అతనిని బెదరించుచుండిన కుక్కను ఆ ఒడ్డుననే కాపురమున్న సింహము చంపివేసినదని శుభవార్తగా వినిపించును. పైకి ఆహ్వానము, లోపల నిషేధము. కుక్కకే జంకు మనుష్యుడు సింహమున్న చోటికి పోవునా? రావద్దను మాట ఆమె నోట వెలువడలేదు. అతని మనస్సులోనే పుట్టినది. తన మనస్సులో పుట్టిన మాటతో ఎవడు వాదమునకు దిగును?

ఈ గాథలో ఎవరిపైనను విమర్శ లేదు, నిజమే. కాని అధిక్షేప రచనయంతయు నడచునది ఈ దారినే. ఒకనిని పట్టుకొని ‘నీవు లోభివి’ అన్నచో అతడు వెంటనే తన దానధర్మములను ఏకరువు పెట్టును. నలుగురిని సాక్ష్యమునకు పిలుచును. అనినవాని లోభమును కూడ బయటికి లాగును. అట్లుగాక, అతడు చేసిన పనినే అతని యెదుట నిలిపి, పేరు పెట్టక ఊరకున్నచో, ఆ పేరును అతడే వెదకికొనవలసి వచ్చును. తిట్టులో తీర్పు ముందుగనే యుండును. ఉపదేశమున తీర్పుతోబాటు దారియు చూపబడును. వ్యంగ్యము సాక్ష్యమును మాత్రము తెచ్చి యిచ్చి, తీర్పు చెప్పవలసిన పనిని చదువరికి విడిచిపెట్టును. ఉత్త హాస్యమునకును దీనికిని గల భేదము కూడ ఇదియే. హాస్యము నవ్వుతో ముగియును. వ్యంగ్యమున నవ్వు ఆగిన పిమ్మట ఏదో యొకటి మిగులును.

మన ఆలంకారికులు వ్యాజస్తుతి యను పేర ఒక అలంకారమును చెప్పియున్నారు. స్తుతివలె కనబడు నిందయు, నిందవలె కనబడు స్తుతియు దానిలో చేరును. కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరపు శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రవిష్ణువుపై చెప్పిన ఆంధ్రనాయక శతకము ఈ మార్గమున పేరొందినది. దేవునితో చనవుగా దెప్పి మాటాడు ఆచారము మన భక్తులకు క్రొత్త కాదు. అది వేరుగా వ్రాయదగినంత విషయము, ఇచ్చట నిలువను.

ఇక వచనములకు వత్తము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున, బిజ్జలుని కొలువులో భాండారి పదవి యందుండి బసవేశ్వరుడు చెప్పిన వచనములలో ఎత్తిపొడుపు గలవి పెక్కులు కలవు. అందు రాతినాగు వచనము తెలియనివారు ఉండరు. రాతిలో చెక్కిన పామునకు పాలుపోయు మనుష్యుడు ప్రాణమున్న పామును చూడగనే చంపుడని కేకలు వేయును. తినలేని లింగము నెదుట వంటకములు పెట్టు ఆ మనుష్యుడే, తినగల జంగముడు ఆకలితో వాకిట నిలిచినచో పొమ్మనును. ఈ వచనమును మనము చిన్ననాటినుండి వినుచున్నాము గనుక అందలి పనితనము కంటికి ఆనదు. ఒకసారి దానిని విడదీసి చూడుడు.

అందు కల్పన ఏమియు లేదు. పాలు పోయుట అందరును చూచినదే, పామును కొట్టుట అందరును చూచినదే. ఆ రెండు పనులు వేరువేరు దినములలో, వేరువేరు చోటుల జరుగును. నాగులచవితినాటి మనుష్యుడు, పెరటిలో కఱ్ఱ పట్టుకొన్న మనుష్యుడు ఒక్కడే యని చేయువానికి తోచదు; మనస్సున రెండింటికిని నడుమ ఒక గోడ యుండును. వచనకర్త చేసిన పని ఆ గోడను తీసివేయుటయే. రెండు పనులను ప్రక్కప్రక్కన నిలిపినాడు. కపటి యనలేదు, మూఢుడనలేదు. విశేషణమొకటి చేర్చియున్నచో ఆ వచనము బలము తగ్గియుండెడిది. మరియొక మాట. మొదట పామును చూపి, పిమ్మట జంగముని చూపుట కూడ యాదృచ్ఛికము కాదు. పాము విషయమున వినువాడు తన్ను సమర్థించుకొనవచ్చును: ప్రాణమున్న పాము కఱచును గదా! ఆ సమాధానము మనస్సున మెదలునంతలో ఆకలిగొన్న జంగముడు వచ్చి నిలుచును. అతడు కఱవడు. ఇక చెప్పుకొనుటకేమియు లేదు.

బలిపశువును గూర్చిన వచనము దీనికంటె మృదువుగా కనబడును; నా దృష్టిలో దీనికంటె కఠినమైనది. పండుగకు బలి యిచ్చుటకై తెచ్చిన గొఱ్ఱె, ఆ పండుగకే కట్టిన తోరణపు లేతాకులను మేయుచుండును. తన్ను చంపబోవుచున్నారని దానికి తెలియదు; ఆకలి మాత్రమే తెలియును. దీనిలో నింద ఎవరిపై నున్నది? ఆకును గొఱికిన గొఱ్ఱెపైనా, తోరణము కట్టిన వారిపైనా, చంపినవారును చిరకాలము నిలువబోరని తెలియక నిలుచున్న మనందరిపైనా? మొదట చిన్ననవ్వు వచ్చును. ఆ నవ్వు ఎచ్చట ఆగినదో చెప్పుట కష్టము.

ఈ రెండు వచనములందును రచయిత తన గొంతుతోనే మాటాడినాడు. మరియొక పద్ధతి కలదు. రచయిత తాను ఖండింపదలచినవాని గొంతునే ఎరువు తెచ్చుకొని, ఆతనివలెనే కడదాక మాటాడును. ఈ పద్ధతికి లోకమున ఉదాహరణముగా చూపబడునది ఐర్లండు దేశపు జొనాథన్ స్విఫ్ట్ 1729వ సంవత్సరమున ప్రకటించిన ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ అను చిన్న పుస్తకము. స్విఫ్ట్ డబ్లిన్ నగరమున సెయింట్ పాట్రిక్ దేవాలయమునకు డీన్, అనగా ప్రధాన గురువు. అప్పుడు ఐర్లండు ఇంగ్లండు పెత్తనము క్రింద నలుగుచుండెను. పంటలు చెడినవి, భూస్వాములలో పెక్కుమంది ఇంగ్లండున కూర్చుండి శిస్తులు తెప్పించుకొనుచుండిరి, తల్లులు బిడ్డలను వెంటబెట్టుకొని వీథులలో బిచ్చమెత్తుచుండిరి. ఈ దుస్థితికి ఉపాయమును చెప్పుటకు ఆ పుస్తకమున ఒక పెద్దమనిషి ముందుకు వచ్చును. మర్యాదస్థుడు, లెక్కలు తెలిసినవాడు, దేశహితము కోరువాడు. ఏటేట బీదలకు పుట్టు బిడ్డలు 1,20,000 మందియని లెక్క కట్టును. అందు 20,000 మందిని వంశవృద్ధికై ఉంచి, తక్కిన లక్షమందిని ఏడాది నిండగనే ధనవంతుల భోజనమునకై అమ్మవలెనని సలహా యిచ్చును. బిడ్డను ఏడాది పెంచుటకు రెండు షిల్లింగులు చాలును, అమ్మిన పది షిల్లింగులు వచ్చును. తల్లికి లాభము, దేశమునకు లాభము!

చదువుచున్నంత సేపు ఒళ్ళు జలదరించును. కాని ఆ పెద్దమనిషి ఒక్క పరుష వాక్యము పలుకడు. కోపము లేదు, క్రూరత్వము లేదు. ఆ శాంతమే భయంకరము. స్విఫ్ట్ చూపదలచినది నరమాంస భక్షణమును కాదు; మనుష్యులను పశువులవలె తలలు లెక్కించి మాటాడు ఆ మర్యాదగల గొంతును. అట్టి గొంతుతో వ్రాసిన ఆర్థిక ప్రణాళికలు ఆనాడు నిజముగనే వెలువడుచుండెను. ఇంకొక చమత్కారము గలదు. పుస్తకము చివర ఆ పెద్దమనిషి ఇతర ఉపాయములను తనయెదుట ఎత్తవద్దని విసుగుకొనుచు వానిని వరుసగా పేర్కొనును: పరదేశమున నివసించు భూస్వాములపై పన్ను, స్వదేశ వస్తువుల వాడుక, కౌలుదార్ల యెడ కొంచెము దయ. ఇవి స్విఫ్ట్ నిజముగా కోరినవే. అసలు మందును అక్కరలేని వస్తువులలో పడవేసి చూపినాడు.

ఇదియంతయు వికృత కల్పన యనియు, లోకమున ఇట్టివి ఉండవనియు చెప్పువారు కలరు. వారిని విజయనగరమునకు తీసికొని పోవలెను.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892వ సంవత్సరమున విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. ఆ ముద్రణమునకు ఆయన ఇంగ్లీషులో ఒక పీఠిక వ్రాసినారు. విజయనగర మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహములకు ఒక పట్టిక తయారు చేయించిరనియు, దానిలోని సంఖ్య 1034 అనియు, ఏడాదికి సగటున 344 అనియు అందు కలదు. అయిదేండ్ల వయస్సున పెండ్లియైన బాలికలు 99 మంది. నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు. ఏడాది వయస్సువారు ముగ్గురు. ఆ పసికందులకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు.

స్విఫ్ట్ లెక్కను, ఈ లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అచ్చటను ఏడాది బిడ్డయే, ఇచ్చటను ఏడాది బిడ్డయే. అచ్చట కల్పించిన వెల పది షిల్లింగులు. ఇచ్చట నిజముగా చేతులు మారిన వెల నాలుగువందల రూపాయలు. ఒకటి పిచ్చివాడు చెప్పిన ప్రణాళిక. రెండవది మంగళవాద్యములతో, మంత్రములతో, బంధుమిత్రుల యాశీస్సులతో జరిగిన శుభకార్యము. వ్యంగ్యకారుడు అతిశయోక్తి చేయునని మనము నమ్ముదుము. తరచుగా అతడు చేయునది అది కాదు. లోకము ఇదివరకే చేయుచున్న అతిశయమునకు మర్యాద యను ముసుగును తొలగించుట మాత్రమే అతని పని.

ఒక ప్రశ్న పుట్టును. అంత బలమైన పట్టిక చేతనుండగా నాటకమెందుకు? పట్టికనే అచ్చువేసి ఊరూర పంచరాదా? ఈ దురాచారమును చట్టముచే మాన్పుటకు మహారాజావారు ప్రయత్నించిరి. అది సఫలము కాలేదు. ఉపన్యాసములు జరిగినవి, వీరేశలింగముగారు వివేకవర్ధనిలో వ్రాసినారు, ‘బ్రహ్మవివాహము’ వంటి ప్రహసనములు రచించినారు. పట్టికలోని 1034లో తన బిడ్డ ఒకతె యని తండ్రి యనుకొనడు. సంఖ్యలో చేరిన మనుష్యునికి ముఖముండదు. నాటకమున అగ్నిహోత్రావధాన్లునకు ముఖమున్నది, కోపమున్నది, భార్య యున్నది, కోర్టు వ్యాజ్యములున్నవి. పెద్దకూతురు బుచ్చమ్మను వెనుక ఒక ముసలివానికి అమ్మినాడు. ఆమె విధవయై యింట నున్నది. అయినను రెండవ కూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధాన్లను మరియొక ముసలివానికి ఇచ్చుటకు సిద్ధపడును. బుచ్చమ్మ ఎదుట తిరుగుచుండగనే సుబ్బికి బేరము జరుగును. అట్లు జరుగుచున్నదని ఎవరును ఉపన్యసింపరు. రెండు పాములను ప్రక్కప్రక్కన పెట్టిన వచనకర్త పద్ధతియే ఇదియును.

ఆ నాటకమున నాకు మిక్కిలి లోతుగా తోచిన వ్యంగ్యము పాత్రల మాటలలో లేదు, కథయందే యున్నది. మేనకోడలిని తప్పించుటకు కరటకశాస్త్రి తన శిష్యుడగు మహేశమునకు ఆడువేషము వేయించి, లుబ్ధావధాన్లకు తక్కువ ధరకు కట్టబెట్టును. ముసలివాడు మగపిల్లవానిని కొని పెండ్లాడినాడు! ప్రేక్షకులు పగలబడి నవ్వుదురు. ఏల మోసపోయినాడు? చత్వారపు కండ్లు గనుక యని కాదు. కొనువానికి పిల్ల కనబడలేదు, బేరము కనబడినది. చవుకగా వచ్చినదన్న సంతోషమున ఎదుటనున్నది ఆడపిల్లయో మగపిల్లవాడో కూడ చూడలేదు. కన్యాశుల్కమను ఆచారమునంతటిని ఈ ఒక్క సంఘటన చెప్పుచున్నది. చెప్పుచున్నదని మాత్రము నాటకమున ఎవరును అనరు.

అప్పారావుగారు ఛాందసులను మాత్రమే పట్టుకొనియుండినచో ఇది సంస్కరణపక్షపు కరపత్రముగా మిగిలియుండెడిది. 1881వ సంవత్సరము డిసెంబరున రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించిన నాటినుండి సంస్కరణ యనునది చదువుకొన్నవారిలో గౌరవమైన మాట యైనది. గౌరవమైన ప్రతి మాటను ధరించుకొని తిరుగు మోసగాడు వెంటనే పుట్టును, అతడే గిరీశము. వేశ్యాలోలుడై వేశ్యలను నిషేధించుటను గూర్చి ఉపన్యసించును. పూటకూళ్లమ్మ సొమ్ము తిని స్త్రీజనోద్ధరణమును గూర్చి మాటాడును. బుచ్చమ్మను లేవదీసికొని పోవుటకు వితంతు వివాహ ధర్మమును అడ్డము పెట్టుకొనును. సంస్కరణమును ప్రేమించిన రచయితయే సంస్కరణ వేషమును ఎగతాళి చేసినాడు. అంతేకాదు. ఆ నాటకమంతట సూటిగా ఆలోచించునది, పరుల మేలునకై పాటుపడునది వేశ్యయగు మధురవాణి. సజ్జనుడగు సౌజన్యారావు పంతులుకు సైతము ఆమె యెదుట తన నీతిని గూర్చి మరల ఆలోచింపవలసి వచ్చును. ఇట్లు అన్ని వైపుల కన్నుంచిన వ్యంగ్యమునకే ఆయుర్దాయము ఎక్కువ.

రచయితలు ఈ మార్గమును పట్టుటకు భయమొక కారణమని అందరును చెప్పుదురు. అది కొంతవరకు నిజము. ఇంగ్లండు ప్రభువులు ఐర్లండుపై రుద్దదలచిన రాగి నాణెములను ఎదిరించి స్విఫ్ట్ 1724లో ఒక బట్టల వర్తకుని పేరున లేఖలు ప్రకటించెను. వ్రాసినవానిని పట్టి యిచ్చినవారికి 300 పౌనుల బహుమానమని ప్రభుత్వము చాటించెను. డబ్లిన్‌లో ఎందరికో తెలిసియు ఎవరును నోరు విప్పలేదు. కాని భయమే కారణమైనచో, భయము లేనిచోట వ్యంగ్యము పుట్టరాదు; పుట్టుచునే యున్నది. అలవాటు మనుష్యుని కంటికి పొర కట్టును. దినదినము చూచునది కనబడదు. దానిని మరల కనబడునట్లు చేయుటకు ఏదో యొక దూరము కావలెను. వీరేశలింగముగారు స్విఫ్ట్ వ్రాసిన గలివరు యాత్రల ననుసరించి ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ వ్రాసినపుడు, స్త్రీలు ఏలికలై పురుషులు అణగియుండు ఒక దేశమును కల్పించినారు. మనదేశమున స్త్రీలు పడుపాట్లు అచ్చట పురుషులు పడుదురు. ఇంట తన భార్య బ్రతుకును ఏనాడును తేఱి చూడని చదువరి, ఆ దేశపు మగవాని కష్టమును చూచి ‘అయ్యో’ యనును. అనిన పిమ్మట చిక్కుకొనును.

నవ్వునకు మరియొక శక్తి కలదు. శిక్షకు వెరవనివాడు నలుగురి నవ్వునకు వెరచును. శాస్త్రప్రమాణము చూపి సమర్థింపబడు పనిని శాస్త్రముతోనే ఖండింపబూనినచో వాదము తెగదు. ఆ పని ఒకసారి నలుగురిలో నవ్వులపాలైన పిదప, దానిని గంభీరముగా చేయుట కష్టమగును.

అయితే వ్యంగ్యము ఎవరివైపు గుఱిపెట్టబడినదో చూడక దానిని మెచ్చుకొనరాదు. ఏడవ శతాబ్దమున కాంచీపురము నేలిన పల్లవ మహేంద్రవర్మ ‘మత్తవిలాస ప్రహసనము’ రచించెను. మత్తుడైన యొక కాపాలికుని కపాలపాత్ర పోవును. అతడు బౌద్ధభిక్షువుపై నేరము మోపును. పాశుపతుడొకడు తీర్పరిగా వచ్చును. కడపట పాత్రను ఎత్తుకొనిపోయినది కుక్కయని తేలును. భిక్షువునకు అక్షింతలు పడినవి, నిజమే. కాని ఆ ప్రహసనమున ప్రధాన విదూషకుడు కాపాలికుడు, అనగా శైవుడే. తీర్పరియు శైవుడే. శైవుడని శాసనములవలన తెలియుచున్న రాజు తన వాకిటినుండియే ఊడ్చుట మొదలుపెట్టినాడు. మన వేమన మాత్రము తక్కువవాడా? విగ్రహారాధకులను, కులగర్వులను ఎత్తిపొడిచిన నోటితోనే లింగధారులలోని దొంగభక్తులను కూడ విడువలేదు. అందువలననే ఆతని మాటను అన్ని కులములవారును నోట పట్టుకొన్నారు.

ఇందుకు మారుగా, మన రంగస్థలముపై ఒకప్పుడు విరివిగా నడచిన హాస్యమునందు కూలివాని యాసను, నత్తివానిని, కుంటివానిని, వయసు మీరి పెండ్లికాని స్త్రీని చూపి నవ్వించెడివారు. నేటికిని అది పూర్తిగా పోలేదు. దానిని వ్యంగ్యమనుట ఆ పదమునకు అన్యాయము. నత్తి ఎవరును చేసిన పని కాదు. అధిక్షేపింపదగినది మనుష్యుడు తెలిసి చేసి, మానగలిగియు మానని దానిని మాత్రమే. వ్రాయ నేర్చుకొను యువకులు తమ రచనను ఇట్లు పరీక్షించుకొనవచ్చును: ఇందలి నవ్వును తీసివేసినచో అడుగున ఒకడు చేసిన తప్పు మిగులుచున్నదా, లేక ఒకని దురదృష్టము మిగులుచున్నదా? ఎత్తిపొడువబడినవాడు తిరిగి సమాధానము చెప్పగలవాడా, చెప్పుటకు నోరు లేనివాడా? ఇంకొకటి. వ్రాసి ముగించిన పిమ్మట విశేషణములను కొట్టివేసి చూడుడు. రచన అప్పటికిని నిలిచియున్నచో అది వ్యంగ్యము. కూలిపోయినచో మీరు వ్రాసినది తిట్టు.

ఇంత చేసినను రచయిత చేతిలో లేనిది ఒకటి కలదు. అది చదువరి తప్పించుకొని పోవుట. గిరీశము చూడుడు. ఎంతటి మోసగాడో అప్పారావుగారు దాచలేదు. చివర సౌజన్యారావు అతనిని దూరముగా పంపి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించును. అయినను తెలుగువారికి గిరీశము ప్రియుడైనాడు. అతని మాటలు ఇంటింట చమత్కారములైనవి. 1955లో నాటకము చలనచిత్రమైనపుడు ఆ వేషము ధరించినవారు నందమూరి తారక రామారావుగారు! మోసగానికి అంత చక్కని నాలుకను ఇచ్చుటలోనే ప్రమాదమున్నది. నవ్వించినవానిని లోకము క్షమించును. ఇది రచయిత లోపమని నేననుకొనను. అట్టి నాలుక లేనిచో బుచ్చమ్మ వంటి అమాయకురాలు మోసపోవుటను మనము నమ్మము.

దీనికంటె బాధాకరమైన తప్పించుకొనుట వేరొకటి కలదు. కన్యాశుల్కము పోయినది. దాని స్థానమున వరకట్నము వచ్చి కూర్చున్నది. 1961లో దానిని నిషేధించు చట్టము వచ్చినది, ఆచారము ఆగలేదు. త్రాసు అదియే, తట్టలు మాత్రము మారినవి. ఆనాడు ఆడుపిల్లకు వెల కట్టి తండ్రి పుచ్చుకొనెడివాడు. నేడు మగపిల్లవానికి వెల కట్టి తండ్రి పుచ్చుకొనుచున్నాడు. అతని చదువునకు ఇంత, ఉద్యోగమునకు ఇంత, ఇంటికి ఇంత యని లెక్క. అట్టి తండ్రి లుబ్ధావధాన్లను చూచి కడుపుబ్బ నవ్వి, నాటకము ముగియగనే యింటికి పోయి కట్నపు పట్టికను సరిచూచుకొనును. అతనికి కపటము లేదు. నాటకము పాతకాలపు వారిని గూర్చినదని నిజముగా నమ్ముచున్నాడు. రాతినాగు వచనమును విని తలయూపువాడును అట్టివాడే. అది పాలుపోయు ఇతరులను గూర్చినదని అతని నమ్మకము. మన సభలలో ఆ వచనమును ఎలుగెత్తి పాడి, పిమ్మట జరుగు దాసోహమున ముందువరుస పెద్దలకు వడ్డన జరుగుచుండగా, శామియానా గుంజలు పాతిన కూలివారు వాకిట నిలిచి వేచియుండుట నేను ఎన్నియో సారులు చూచితిని. వారిని ఎవరును పొమ్మనరు. రమ్మనుటకు మాత్రము ఆలస్యమగును.

అందువలననే కాబోలు, ఇతరులను ఎత్తిపొడిచిన వచనములకంటె తన్ను తాను ఎత్తిపొడుచుకొన్న వచనములు బసవేశ్వరుని వానిలో ఎక్కువ కాలము మనస్సున మెదలుచుండును. వానిలో ఒకదానియందు పల్లకి నెక్కిన కుక్క వచ్చును. ఎంత ఎత్తున కూర్చుండబెట్టినను, తనకు అలవాటైన వస్తువు కంటబడగనే దాని పాతబుద్ధి పోదు. ఉపమానము అంతవరకు వచ్చినపుడు వినువారు ఆ యూరి పదవీధరులలో ఎవనినో తలచుకొని నవ్వుటకు సిద్ధపడుదురు. వచనకర్త అంత అవకాశమీయక, అది తన మనస్సేయని చెప్పి, దానిని నిందించుకొనుచు దైవమును శరణు వేడును. రాజు కొలువున భాండారి పదవి యందున్నవాడు, ఆ పదవికి తగిన పల్లకినే ఉపమానముగా తీసికొనుట గమనింపదగినది.